కాటన్ దొర: నీటి నుండి నేల వరకు

విస్సన్నపేట పరిసరాలలోని ఎర్రనేలలకు, కృష్ణా డెల్టాలోని నల్లరేగడికి మధ్య దూరం అట్టే లేదు. కాని ఆ రెండింటి చరిత్రలూ వేరు. మొదటిది చిరకాలం వాననే నమ్ముకొని, మామిడి తోటలను పెంచి, నూజివీడు సీమకు కీర్తి తెచ్చింది. రెండవది కాలువ నీటిని త్రాగి, మెట్ట మాగాణియై, ఆంధ్రదేశానికి అన్నం పెట్టింది. ఈ రెండవ చరిత్రకు మూలపురుషుడు సర్ ఆర్థర్ కాటన్. ఆనకట్టలు కట్టించిన వానిగా ఆయన ప్రతి విద్యార్థికీ తెలిసినవాడే. కాని ఆయన జీవితంలోని చివరి అధ్యాయం, అనగా నేలను గూర్చి గావించిన పరిశోధన, అంతగా ప్రచారం పొందలేదు. మెట్టసీమ వారికి ఎక్కువ పనికివచ్చేది అదే.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. ఆడిస్కూంబ్ సైనిక విద్యాలయంలో చదివి, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో భారతదేశానికి వచ్చాడు. కావేరి ప్రాంతంలో పనిచేసిన కాలంలో చోళులనాటి కల్లణైని శ్రద్ధతో పరిశీలించాడు. రాతి పునాది దొరకని ఇసుక నేలపై కూడ నదికి అడ్డుకట్ట నిలపవచ్చుననే రహస్యం ఆ ప్రాచీన నిర్మాణమే ఆయనకు బోధించింది. 1836లో కొల్లిడంపై ఆనకట్టలు కట్టించి, ఆ విద్యను ఆచరణలో పెట్టాడు. తరువాత ఆరోగ్యం చెడి కొంతకాలం టాస్మేనియాలో గడపవలసి వచ్చింది.

1833 నాటి ఘోరక్షామం గుంటూరు సీమను శ్మశానం చేసింది. గోదావరి మండలమూ కరవులతో, తుఫానులతో కృశించి ఉంది. ఇంతటి మహానది ప్రక్కనే పారుతూ ఉండగా ప్రజలు ఆకలితో చావడం కాటనుకు భరింపరానిదైంది. ఆయన ప్రతిపాదన అంగీకరింపబడి, 1847లో ధవళేశ్వరం వద్ద పని ఆరంభమైంది. వీణం వీరన్న వంటి తెలుగు ఉద్యోగుల దక్షత, వేలాది కూలీల శ్రమ తోడుకాగా, 1852 నాటికి ఆనకట్ట పూర్తి అయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855లో ముగిసింది.

దీనితో భూమి వాడుకయే మారిపోయింది. జొన్న పండిన చేలలో వరి నాట్లు పడ్డాయి. కాలువ నీరు ఒండ్రును కూడ వెంట తెచ్చింది. ఆ ఒండ్రు నేలకు బలమిస్తుందని కాటన్ దృఢంగా నమ్మాడు. అది నిజమే. కాని నీరు నిలిచిన నేల స్వభావం వేరు. మట్టిలోనికి గాలి చొరదు. మురుగు పోయే దారి లేకపోతే భూగర్భజలం పైకి లేచి, తనతో ఉప్పును తెస్తుంది. ఆ నీరు ఆవిరి కాగా ఉప్పు పైపొరలో నిలిచి, చేను చౌడు బారుతుంది. మురుగు సమస్య డెల్టాను తరతరాలుగా బాధించింది. రైతు కూడ తన వంతు ఉపాయం కనుగొన్నాడు: వరి కోతకు ముందే మినుము, పెసర, పిల్లిపెసర చల్లాడు. ఈ పైర్ల వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి పైరుకు అందిస్తాయి. కొంత నేలకూ మిగులుతుంది.

కాటన్ 1861లో సర్ బిరుదు పొందాడు. ఉద్యోగం విరమించి స్వదేశానికి వెళ్ళినా, రైళ్ళకంటె కాలువలే ఈ దేశానికి మేలని వాదించడం మానలేదు. ఆ వాదం అధికారులలో పలువురికి రుచించలేదు. వార్ధక్యంలో ఆయన డార్కింగ్ అనే ఊరిలో స్థిరపడి, వ్యవసాయ ప్రయోగాలకు పూనుకొన్నాడు. నేలను లోతుగా త్రవ్వి, మట్టిని గుల్ల చేసి, గోధుమ పండించాడు. గాలి, తేమ, వేళ్ళు లోతుకు దిగితే చిన్న మడి కూడ పెద్ద పంట ఇస్తుందని ఆయన అభిప్రాయం. జీవితమంతా నీటిని మళ్ళించిన మేధావి చివరకు పాదాల క్రింది మట్టిని శోధించడం గమనింపదగిన విషయం. 1899 జూలై 24న, తొంబది ఆరేండ్ల వయస్సులో, ఆయన కన్నుమూశాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తి అయిన బ్యారేజి ఆయన పేరనే వెలసింది.

అయితే లోతు దున్నకం సర్వత్రా మేలు చేయదు. బిగుసుకొన్న బంకనేలకు అది ఔషధం. వాలుగా ఉన్న ఎర్రనేలకు హాని కావచ్చును. మామిడి తోటలో రాలిన ఆకు కుళ్ళి మట్టిలో కలుస్తుంది. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. కొమ్మలు వానదెబ్బను ఆపుతాయి. తోట కొట్టి, ఏటా పలుమార్లు దున్ని పైరు వేస్తే, మట్టిలోని జీవపదార్థం త్వరగా హరించిపోతుంది. చినుకు నేరుగా నేలను తాకి, సారవంతమైన సన్నమట్టిని వాగుల పాలు చేస్తుంది. అంగుళం మట్టి ఏర్పడడానికి శతాబ్దాలు పట్టవచ్చును. పోవడానికి కొన్ని వర్షాకాలాలు చాలు. తోటను ఉంచికూడ, చెట్ల నడుమ ఏడాది పొడుగునా గడ్డిపోచ లేకుండ దున్నితే నష్టం తప్పదు.

దీనికి ప్రతిక్రియ మన పెద్దలకు తెలియనిది కాదు. వాలుకు అడ్డంగా గట్లు వేయడం, జనుము, జీలుగ పెంచి కలియదున్నడం, ఎండిన చెరువులోని మట్టిని చేలకు తోలడం అనాదిగా ఉన్న పద్ధతులే. డెల్టాకు కాలువ ఒండ్రు ఎటువంటిదో, మెట్టకు చెరువు మట్టి అటువంటిది. నీరు వచ్చినంత మాత్రాన నేల బాగుపడదు. ఏ నేలకు ఏది తగునో తెలిసినప్పుడే ఆ నీరు సార్థకమవుతుంది. కాటన్ జీవితాన్ని పాఠంగా చెప్పే ఉపాధ్యాయులు ఆనకట్టతోనే ఆగక, డార్కింగ్ లోని ఆ చిన్న మడిని కూడ విద్యార్థులకు చూపితే ఆ పాఠం పూర్తి అవుతుంది.