భక్త రామదాసు: చెఱసాలలో పండిన నాదభక్తి

గోదావరీ తీరమున భద్రగిరిపై వెలసిన శ్రీ సీతారామచంద్రస్వామిని సేవింప నేగు భక్తులు మొదట స్వామి దివ్యమంగళ విగ్రహమును దర్శింతురు. శంఖచక్రములను, ధనుర్బాణములను ధరించిన చతుర్భుజుడు, వామాంకమున సీతమ్మ, ప్రక్కన లక్ష్మణస్వామి. ఇట్టి వైకుంఠరామ మూర్తి అన్యత్ర దుర్లభము. దర్శనమైన పిమ్మట ఆలయమును, ఆభరణములను గూర్చి అడిగినచో వినవచ్చు మొదటి పేరు రామదాసు. భద్రాద్రి రాముని తలచి రామదాసును తలపని తెలుగు గృహము లేదు.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థలము. క్రీస్తుశకము 17వ శతాబ్దమున నియోగి బ్రాహ్మణ వంశమున లింగన్న, కామాంబ అను పుణ్యదంపతులకు ఆయన జన్మించెను. బాల్యముననే సంస్కృతాంధ్రములయందు పరిచయమును, హరికథాశ్రవణమునందు ఆసక్తియు కలిగెను. రఘునాథ భట్టాచార్యులవారు ఆయనకు శ్రీరామ తారకమంత్రమును ఉపదేశించిరని సంప్రదాయము. అన్నదానమునకు, భాగవతసేవకు ఆ యింట లోటుండెడిది కాదని పెద్దలు చెప్పుదురు.

ఆ కాలమున ఈ సీమ గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో నుండెను. 1672లో సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానాషాకు అక్కన్న, మాదన్న అను సోదరులు మంత్రులైరి. వారు గోపన్నకు మేనమామలు. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నియుక్తుడయ్యెను. ఒక వైపు గోదావరి, మిగిలిన వైపుల టేకు, వెదురు దట్టముగా పెరిగిన అడవులు, నడుమ నడుమ కోయగూడెములు. ఇది ఆ పరగణా స్వరూపము. ఊరూర శిస్తు వసూలు చేసి గోలకొండ ఖజానాకు చేర్చుట ఆయన విధి.

ఆ అడవిలోనే స్వామి ఆయన కొఱకు వేచియుండెను. పోకల దమ్మక్క అను భక్తురాలు స్వప్నాదేశమున పుట్టలో స్వామి మూర్తులను కనుగొని, పందిరి వేసి, అడవిలో లభించిన ఫలములను నివేదించుచు సేవించెనని స్థలపురాణము. శాస్త్రము చదువని ఆ తల్లి నిలిపిన పూజను శాస్త్రము చదివిన అధికారి వచ్చి చూచెను. ఎండకు, వానకు ఓర్చి పందిరి క్రింద నున్న స్వామిని చూచిన గోపన్న మనస్సు నిలువలేదు. ఆలయ నిర్మాణమునకు సంకల్పించెను.

సంకల్పము మహత్తరము, ధనము స్వల్పము. ప్రజలు భక్తితో ఇచ్చినది చాలకపోయెను. ఖజానాకు చేరవలసిన పైకమును గోపన్న స్వామి సన్నిధికి మరలించెను. ఆ సొమ్ము ఆరు లక్షల వరహాలని ప్రతీతి. గర్భాలయము, ప్రాకారము, మండపములు లేచెను. విమాన శిఖరముపై నిలుపదగిన సుదర్శన చక్రము గోదావరీ జలములలో ఆయనకు లభించెనని ఐతిహ్యము. సీతమ్మకు చింతాకు పతకము, స్వామికి కలికితురాయి, భరతునకు పచ్చల పతకము, లక్ష్మణునకు ముత్యాల పతకము చేయించిన వృత్తాంతమును ఆయనయే తన కీర్తనలో లెక్కగట్టి చెప్పుకొనెను.

ఇచట ధర్మసూక్ష్మ మొకటి విచారింపవలసి యున్నది. పరుల సొమ్మును దేవుని పేరిటనైనను అనుమతి లేక వ్యయించుట న్యాయమా? అధికారికి అప్పగించిన ధనము న్యాసము వంటిది. న్యాసమును కాపాడుట ధర్మమని శాస్త్రములు ఘోషించుచున్నవి. రామదాసు చేసినదానిలో దోషము లేదనుట సత్యము కాదు. కాని ఆ ధనములో ఒక్క కాసును ఆయన తన యింటికి చేర్చుకొనలేదు. దండన వచ్చినపుడు పారిపోలేదు. తాను చేసినది రాముని కొఱకే గనుక రాముడే తీర్పవలెనని నమ్మి, శరీరముతో శిక్షను అనుభవించెను. చేసిన కార్యమునకు ఫలమును తానే మోసెను గనుకనే లోకము ఆయనను దోషిగా గాక దాసునిగా స్మరించుచున్నది.

తానాషా ఆయనను గోలకొండ దుర్గమున బంధించెను. పండ్రెండేండ్లు కారాగారవాసమని పరంపరాగత కథనము. మేనమామలు మంత్రులై యుండియు ఆయనను విడిపింపజాలకపోయిరి. ఆ కోటలో రామదాసు బందీఖానాగా పేరొందిన చీకటి గదిని నేటికిని యాత్రికులు దర్శించుచున్నారు. దాని గోడపై సీతారామలక్ష్మణ హనుమంతుల రూపములు మలచబడి యున్నవి.

ఆ చీకటిలో పుట్టిన కీర్తనలే రామదాసును వాగ్గేయకారునిగా నిలిపినవి. వానిలో ఒక మనస్సు పడిన అవస్థ యంతయు కానవచ్చును. మొదట స్వామిని వేడుకొనుట, పలుకడేమని వగచుట, బాధ మిక్కుటమైనపుడు తాను చేయించిన నగలను పేరుపేరున ఎత్తి, ఎవరి సొమ్మని ధరించి తిరుగుచున్నావని నిలదీయుట, మరుక్షణముననే దెబ్బల కోర్వలేక తిట్టితినని కన్నీట క్షమాపణ వేడుట. తుదకు సీతమ్మను ఆశ్రయించి, స్వామి ప్రసన్నుడైయున్న వేళ తన మొర విన్నవింపుమని ప్రార్థించుట. ఇది శ్రీవైష్ణవులకు సుపరిచితమైన పురుషకార మార్గమే. పిరాట్టి సిఫారసు లేనిదే శరణాగతి ఫలింపదని ఆచార్యులు బోధించిన రహస్యమును రామదాసు తేటతెలుగు పాటలో నిలిపెను.

విడుదల వృత్తాంతము లోకవిదితము. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను సేవకుల రూపమున రాత్రివేళ తానాషా కడకేగి, ఆరు లక్షల పైకమును చెల్లించి, రసీదు పొంది, దానిని రామదాసు చెంత నుంచిరని భక్తుల విశ్వాసము. ప్రభువు పశ్చాత్తప్తుడై ఆయనను విడిపించి సత్కరించెను. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము తానాషా నాటి నుండి వచ్చినదని చెప్పుదురు. కాలక్రమమున 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. రాజ్యమును, ఖజానాయు పోయెను. ఖజానా ధనముతో లేచిన ఆలయమును, చెఱసాలలో పలికిన పాటయు మిగిలెను.

రామదాసు రచించిన కీర్తనలు నూటికి పైగా లభించుచున్నవి. పల్లవి చిన్నది; చరణములు వాడుక మాటలకు దగ్గరగా నుండును. ఒకరు పాడగా పదిమంది అందుకొనుటకు అనువైన నడక. ఆనందభైరవి రాగమున ప్రసిద్ధమైన ఆయన కీర్తన పాడని భజనమండలి అరుదు. పండితులకు దాశరథీ శతకమున చంపకోత్పలమాలలను, పామరులకు కీర్తనలను ప్రసాదించిన ఆయన ఏ పాఠశాలయు స్థాపింపక పోయినను తెలుగునాట భజన సంప్రదాయమునకు గురువైనాడు. త్యాగరాజస్వామి తమ కృతిలో రామదాసు బంధవిమోచనమును స్మరించిరి. తూము నరసింహదాసు 19వ శతాబ్ది పూర్వార్ధమున భద్రాచలము చేరి, ఆలయ కైంకర్యములకు క్రమమును కల్పించి, రామదాసు బాటలోనే కీర్తనలు రచించెను. 20వ శతాబ్దమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ కీర్తనలకు కచేరీ వేదికలపై విశేష వ్యాప్తి కలిగించిరి.

భద్రాద్రి యాత్ర చేయువారు దారిలో నేలకొండపల్లిని కూడ దర్శించి, ఆ మహనీయుని జన్మస్థలమునకు నమస్కరించుట ఉచితము. యాత్రకు పోజాలనివారు సాయంసంధ్యలో దీపము వెలిగించి, పిల్లలను కూర్చుండబెట్టుకొని ఒక్క రామదాసు కీర్తన పాడిన చాలును. స్వామికి నగలు చేయించు భాగ్యము అందరికిని కలుగదు. కష్టము వచ్చినపుడు అలిగియైనను, ఏడ్చియైనను స్వామినే పిలుచుట అందరికిని సాధ్యము. రామదాసు జీవితమున నేర్వదగిన పాఠ మదియే.

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మణే నమః.