జాన్ డాల్టన్: చనిపోయాక తన కళ్లు కోసి చూడమన్న సైంటిస్ట్.. 150 ఏళ్లకు తేలిన అసలు నిజం!

స్కూల్లో డాల్టన్ పరమాణు సిద్ధాంతం చదివే ఉంటారు. కానీ ఆ డాల్టన్‌కు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా తెలిసేది కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఎందుకలా అన్నదానికి ఆయనే ఓ కారణం చెప్పారు. అది నిజమో కాదో తేల్చడానికి తాను పోయాక తన కళ్లు కోసి చూడమన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసుకుందాం.

ఒకే పువ్వు.. రెండు రంగులు

జాన్ డాల్టన్ 1766లో ఇంగ్లండ్‌లోని ఈగల్స్‌ఫీల్డ్ అనే పల్లెటూళ్లో, ఓ నేతగాడి ఇంట్లో పుట్టారు. 12 ఏళ్లకే తోటి పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మొక్కలంటే ఇష్టం. అయితే పూల రంగుల దగ్గరే చిక్కు వచ్చేది. జనం రంగులకు పెట్టిన పేర్లే గందరగోళంగా ఉన్నాయని అనుకునేవారు తప్ప, తన చూపులో తేడా ఉందని ఆయనకు తట్టలేదు.

1792లో ఓ జెరేనియం పువ్వు ఆ విషయం బయటపెట్టింది. అందరికీ గులాబీ రంగులో కనిపించే ఆ పువ్వు, డాల్టన్‌కు పగలు ఆకాశనీలంగా కనిపించేది. రాత్రి కొవ్వొత్తి వెలుగులో చూస్తే పూర్తిగా మారిపోయింది. నీలం జాడే లేదు. స్నేహితులను అడిగితే తమకు పెద్ద తేడా లేదన్నారు. తమ్ముళ్లా అన్నలా ఒకే తీరు అన్నట్టు, సొంత సోదరుడికి మాత్రం అచ్చం ఆయనకు కనిపించినట్టే కనిపించింది. అంటే ఇది కుటుంబంలో వచ్చే లక్షణమన్నమాట!

పత్రాలకు వేసే ఎర్ర లక్క, చెట్టు ఆకు ఆయనకు దాదాపు ఒకే రంగు. రక్తం కూడా ముదురు ఆకుపచ్చ సీసా రంగులోనే కనిపించేది. 1794లో ఈ వివరాలన్నీ మాంచెస్టర్‌లోని ఓ పండితుల సభలో చదివి వినిపించారు. తన కంటి లోపలి ద్రవం నీలం రంగులో ఉండి, ఎరుపు కాంతిని పీల్చేస్తోందని ఆయన ఊహ.

కన్ను కోస్తే ఏం కనిపించింది?

1844 జులై 27న, 77 ఏళ్ల వయసులో డాల్టన్ కన్నుమూశారు. ఆయన్ని కడసారి చూసేందుకు సుమారు 40 వేల మంది తరలివచ్చారు. ఆయన కోరిక ప్రకారం డాక్టర్ జోసెఫ్ రాన్సమ్ ఒక కంటిలోని ద్రవాన్ని చిన్న గాజు పళ్లెంలో పోసి చూశారు. నీలం లేదు.. స్వచ్ఛంగా ఉంది. రెండో కంటికి వెనక రంధ్రం చేసి, అందులోంచి చూశారు. ఎరుపు, ఆకుపచ్చ మామూలుగానే కనిపించాయి. అంటే డాల్టన్ చెప్పిన కారణం తప్పు!

కానీ ఆ కళ్ల అవశేషాలను పారేయలేదు. మాంచెస్టర్‌లో భద్రంగా దాచారు. 1995లో లండన్, కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు వాటిలోంచి డీఎన్‌ఏ తీసి పరీక్షించారు. అసలు నిజం అప్పుడు తేలింది. మన కంటిలో రంగులు పసిగట్టే కణాలు మూడు రకాలు. వాటిలో మధ్య రకానికి కావాల్సిన జన్యువు డాల్టన్‌కు లేదు. లోపం ద్రవంలో కాదు, కంటి వెనక రెటీనాలో ఉంది.

పువ్వు చిక్కు కూడా వీడింది. గులాబీ రంగు పువ్వు నుంచి ఎరుపు, నీలం రెండూ వస్తాయి. పగటి వెలుగులో డాల్టన్ కంటికి అందులోని నీలమే తెలిసేది. కొవ్వొత్తి వెలుగులో నీలం చాలా తక్కువ. అందుకే రాత్రి పువ్వు రంగు మారిపోయేది.

కుక్కలు, ఎద్దులకు కనిపించేది ఎలా?

కుక్కలు, పశువులు సహా చాలా క్షీరదాలకు రంగుల కణాలు రెండు రకాలే. ఎర్ర గుడ్డ చూస్తే ఎద్దుకు కోపం వస్తుందంటారు కదా.. నిజానికి దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ రంగు కాదు, కదలిక. చాలా పక్షులకు నాలుగు రకాల కణాలుంటాయి. తేనెటీగకు ఎరుపు తెలియదు కానీ, మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది. అంటే రంగు వస్తువులో మాత్రమే లేదు.. చూసే కంటిలోనూ, మెదడులోనూ ఉంది.

ఈ లక్షణం సాధారణంగా ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది. మగవాళ్లకు అది ఒక్కటే ఉంటుంది కాబట్టి వాళ్లలోనే ఎక్కువ. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి, ఆడవాళ్లలో 200 మందిలో ఒకరికి ఉంటుంది. మన దేశంలో తేలికపాటి, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవాళ్లకూ డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేలా కేంద్రం 2020లో నిబంధనలు మార్చింది.

మీ ఇంట్లో పిల్లలు బొమ్మ గీస్తూ ఆకులకు గోధుమ రంగు వేస్తుంటే తిట్టకండి. చుక్కల్లో అంకెలు దాగి ఉండే ఇషిహారా పరీక్ష చేయించండి. డాల్టన్ అంతటి వ్యక్తికే తన చూపు వేరని తెలియడానికి పాతికేళ్లు దాటింది మరి!