బడిని మూటగట్టుకుని దేశం దాటిన టీచరమ్మ

రాత్రి తొమ్మిది దాటాక మా మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర నిలబడి చూడండి. హైదరాబాద్ బస్సు కోసం ఒకరు, బెంగళూరు బస్సు కోసం ఇంకొకరు, నంద్యాలలో బ్యాంక్ కోచింగ్‌కు పోయే వాళ్లు మరికొందరు. భుజాన బ్యాగు, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. ఇంజినీరింగ్ అయ్యాక నేనూ అక్కడే బస్సెక్కాను. అప్పుడు నన్ను తొలిచిన ప్రశ్న ఒకటే: ఇక్కడ నేర్చుకున్నది అక్కడ ఎవరికైనా పనికొస్తుందా?

మీకూ ఆ ప్రశ్న ఉంటే, ఆన్నా ఎస్సింగర్ కథ వినండి. మనం బతుకుదెరువు కోసం ఊరు దాటుతాం, పండక్కి తిరిగొస్తాం. ఆమె 65 మంది పిల్లలతో, టీచర్లతో సహా ఒక బడినే దేశం దాటించింది. ఆ పిల్లల్లో చాలామందికి తిరిగి వెళ్లడానికి ఇల్లే మిగల్లేదు.

ఇరవై ఏళ్లకు అమెరికా

ఆన్నా 1879లో జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దది. ఇరవై ఏళ్ల వయసులో, 1899లో, అమెరికాలోని నాష్‌విల్‌లో ఉన్న బంధువు ఇంటికి వెళ్లింది. తర్వాత విస్కాన్సిన్ యూనివర్సిటీలో చదివింది. ఖర్చులకు జర్మన్ పాఠాలు చెప్పింది, విద్యార్థుల కోసం తానే ఒక హాస్టల్ నడిపింది. అంటే డిగ్రీ చేతికి రాకముందే పదిమందికి అన్నం పెట్టి, లెక్కలు రాసి, గొడవలు తీర్చే పని నేర్చుకుంది. ఏ రెజ్యూమెలోనూ పెద్దగా కనిపించని ఆ పనే చివరిదాకా ఆమెను నిలబెట్టింది.

అమెరికాలోనే ఆమెకు క్వేకర్లతో పరిచయమైంది. వాళ్లు యుద్ధాన్ని వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, వాళ్ల సహాయ బృందంతోనే ఆమె జర్మనీకి తిరిగొచ్చింది. ఆకలితో ఉన్న బడి పిల్లలకు వేడి భోజనం పెట్టించడం ఆమె పని. మన మధ్యాహ్న భోజనం లాంటిదే అనుకోండి. ఊరూరూ తిరిగి, హెడ్‌మాస్టర్లతో మాట్లాడి, వంటగదులు ఏర్పాటు చేయించింది.

1926లో ఉల్మ్ దగ్గర హెర్‌లింగెన్ అనే ఊళ్లో అక్కచెల్లెళ్లతో కలిసి రెసిడెన్షియల్ స్కూల్ తెరిచింది. మొదట 18 మంది పిల్లలు. బెత్తం లేదు, బట్టీ లేదు. పిల్లలు ఆమెను టాంటె ఆన్నా అనేవారు. జర్మన్‌లో టాంటె అంటే అత్త, పిన్ని, పెద్దమ్మ ఏదైనా. పోనుపోను అది టీఏ అయిపోయింది.

ఖాళీ బడి మీద జెండా

1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు. ఏప్రిల్ 20న అతని పుట్టినరోజుకు ప్రభుత్వ భవనాలు, బడుల మీద నాజీ జెండా ఎగరేయాలని ఆదేశం వచ్చింది. ఆన్నా ఎదురు తిరిగి ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. ఆ రోజు పిల్లలందరినీ తీసుకుని రోజంతా విహారయాత్రకు వెళ్లిపోయింది. జెండా ఎగిరింది, కానీ ఖాళీ భవనం మీద.

ఈలోపు ఒక టీచర్ భర్త ఆమె మీద ఫిర్యాదు చేశాడు. బడి మీద నిఘా తప్పదని తేలిపోయింది. ఈ గాలివాన నాలుగు రోజుల్లో తగ్గిపోతుందిలే అని చుట్టూ చాలామంది సర్దిచెప్పుకుంటున్న కాలమది. ఆన్నా అలా అనుకోలేదు. స్విట్జర్లాండ్‌లో వెతికింది, నెదర్లాండ్స్‌లో వెతికింది, చివరికి ఇంగ్లండ్‌లో చోటు దొరికింది. అక్కడ డబ్బు పోగుచేయడానికి ముందుకొచ్చింది ఎవరు? క్వేకర్లే. ఎప్పుడో ఇరవైల్లో అమెరికాలో మొదలైన పరిచయం, పద్నాలుగేళ్ల కిందట పిల్లలకు అన్నం పెడుతూ చేసిన పని, అవసరానికి తలుపు తెరిచాయి. మనం నెట్‌వర్కింగ్ అంటే కనెక్షన్ రిక్వెస్టులు పంపడమనుకుంటాం. మన పని కళ్లారా చూసినవాళ్లే అసలు నెట్‌వర్క్.

తల్లిదండ్రులతో ఒక్కొక్కరుగా, గుట్టుగా మాట్లాడింది. వాళ్లు బిడ్డల్ని పంపడానికి ఒప్పుకున్నారు. అక్టోబరులో పిల్లలు టీచర్ల వెంట మూడు బృందాలుగా బయల్దేరారు. ఎవరికీ అనుమానం రాకూడదు కాబట్టి, స్టేషన్లలో ఏడవొద్దని పెద్దలకూ పిల్లలకూ ముందే చెప్పి ఉంచారు. బిడ్డను సాగనంపుతూ కన్నీళ్లు ఆపుకోవడం ఎంత కష్టమో మన బస్టాండుల్లో చూస్తూనే ఉంటాం కదా!

బాయిలర్ దగ్గర నాటక దర్శకుడు

కొత్త చోటు పేరు బన్స్ కోర్ట్. కెంట్ జిల్లాలో ఫావర్‌షమ్ దగ్గర ఒక పాత భవంతి. చేతిలో డబ్బు తక్కువ, పనివాళ్లను పెట్టుకునే స్తోమత లేదు. కాబట్టి తోట పని, కోళ్ల పెంపకం, ఊడవడం, మరమ్మతులు అన్నీ పిల్లలూ టీచర్లే చేసుకున్నారు. ఆరుబయట నాటకాలు వేసుకునే రంగస్థలాన్ని కూడా విద్యార్థులే కట్టుకున్నారు. జర్మన్ మాతృభాషగా ఉన్న పిల్లల చేత ఆన్నా పట్టుబట్టి ఇంగ్లిష్‌లో మాట్లాడించింది. బతకాల్సింది ఇక్కడే అని ఆమెకు తెలుసు.

మొదట్లో ఇంగ్లండ్ విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్లకు ఈ బడి మీద పెద్దగా నమ్మకం కలగలేదు. తర్వాత వచ్చి చూసి, ఇంత తక్కువ వసతులతో ఇంత బాగా ఎలా నడుపుతున్నారని ఆశ్చర్యపోయారు. సమాధానం మనుషుల్లో ఉంది. జర్మనీలో కొలువులు ఊడిన పండితులు, కళాకారులు ఈ బడికి చేరారు. జర్మనీలో నాటక దర్శకుడిగా పనిచేసిన ఒకాయన ఇక్కడ బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు. ఖాళీ దొరికితే పిల్లల చేత నాటకాలు వేయించేవాడు. చదివిన చదువుకు తగ్గ పని కాదని ఆయన ఇంట్లో కూర్చోలేదు. అలాగని తనకు తెలిసిన విద్యనూ వదిలేయలేదు. బీటెక్ చేసి డెలివరీ పనికి పోతూ, రాత్రిపూట కోడింగ్ చేసే కుర్రాళ్లు నాకు తెలుసు. మీలోనూ ఉండుంటారు.

ఎవరిని తీసుకెళ్లాలి?

1938 నవంబరులో జర్మనీలో యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాల మీద దాడులు జరిగాయి. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే దాదాపు 10,000 మంది పిల్లల్ని, తల్లిదండ్రులు లేకుండా, రైళ్లలోనూ ఓడల్లోనూ ఇంగ్లండ్ చేర్చారు. చరిత్రలో దీన్నే కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అంటారు. డోవర్‌కోర్ట్ అనే సముద్రతీరంలో, వేసవి సెలవులకని కట్టిన చెక్క గదుల్లో, గడ్డకట్టే చలిలో పిల్లల్ని ఉంచారు. అక్కడ ఏర్పాట్లు చూడమని ఆన్నాను పిలిచారు. ఆమె కొంతమంది టీచర్లను, పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లింది.

పెంచుకుంటామని వచ్చిన కుటుంబాలు భోజనాల వేళ పిల్లల్ని చూసి ఎంచుకునేవి. ముద్దుగా ఉన్నవాళ్లు ముందు వెళ్లిపోయేవారు, మిగిలినవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయేవారు. ఆ పద్ధతి ఆన్నాకు అస్సలు నచ్చలేదు. కానీ ఆమె బడిలోనూ మంచాలు కొన్నే కదా! తీసుకోగలిగినంత మందిని తీసుకుంది, అందరినీ తీసుకోలేకపోయింది. ఆమె జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదేనని నాకనిపిస్తుంది.

1940లో మరో దెబ్బ. యుద్ధ భయంతో బ్రిటన్ ప్రభుత్వం జర్మన్ పౌరులను శత్రు దేశస్థులుగా లెక్కగట్టి నిర్బంధించింది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన టీచర్లు, పెద్ద అబ్బాయిలు కూడా అందులో ఉన్నారు. పైగా భవంతి సైన్యానికి కావాలి, మూడు రోజుల్లో ఖాళీ చేయమన్నారు. బతిమాలితే గడువు వారానికి పెరిగింది. ఆ వారంలోనే ష్రాప్‌షైర్‌లో ట్రెంచ్ హాల్ అనే ఇల్లు వెతికి బడిని మళ్లీ తరలించింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి, చూపు మందగిస్తోంది. 1946లో బన్స్ కోర్ట్‌కు తిరిగొచ్చాక, నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ పిల్లల్ని చేర్చుకుంది. 1948లో బడి మూసేసింది. అప్పటికి 900 మందికి పైగా పిల్లలు అక్కడ చదువుకున్నారు. 1960లో, ఎనభై ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోనే కన్నుమూసింది.

ఆ పిల్లలేమయ్యారు?

ఫ్రాంక్ ఆవర్‌బాక్ ఎనిమిదేళ్లు నిండకుండానే వచ్చాడు. అతని తల్లిదండ్రుల్ని నాజీలు చంపేశారు. బ్రిటన్ మెచ్చిన గొప్ప చిత్రకారుల్లో ఒకడయ్యాడు. బెర్లిన్ అనాథాశ్రమం నుంచి వచ్చిన లెస్లీ బ్రెంట్ ఇమ్యునాలజిస్ట్ అయ్యాడు. ఒకరి శరీరం ఇంకొకరి కణజాలాన్ని తిరస్కరించకుండా చేయవచ్చని పీటర్ మెడావర్‌తో కలిసి 1953లో చూపించాడు. అవయవ మార్పిడికి దారి చూపిన పరిశోధనల్లో అదొకటి. మెడావర్‌కు 1960లో నోబెల్ వచ్చింది. పేరు రాని వందలమంది మాత్రం మామూలు ఉద్యోగాలు చేసుకుని, పెళ్లిళ్లు చేసుకుని, మామూలుగా బతికారు. ఆ రోజుల్లో వాళ్లకు మామూలుగా బతకడమే పెద్ద విజయం.

మరి మనకు? ఆన్నా హెర్‌లింగెన్‌లో భవనాన్ని వదిలేసింది. పిల్లల్ని, టీచర్లను, పని చేసే పద్ధతిని వెంట తెచ్చుకుంది. బడి అంటే అవే కాబట్టి ఎక్కడ దించినా బడి నడిచింది. ఇక సాయం అడగడాన్ని ఆమె ఎప్పుడూ నామోషీ అనుకోలేదు.

ఈసారి నాలుగు రోడ్ల దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు సర్టిఫికెట్ల ఫైలు ఒకసారి పక్కన పెట్టి ఆలోచించండి. అది పోయినా మీతో వచ్చేదేంటి? మీరు పని చేస్తుంటే చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఇద్దరు ముగ్గురు ఉన్నా చాలు, ఈ రాత్రే ఒకరికి ఫోన్ చేయండి.