గజ్జె కట్టిన పండితుడు

కపిలేశ్వరపురంలో 1973లో హరికథ పాఠశాల పెట్టారు. మనలాంటి ఆడపిల్లలు ఎందరో అక్కడ గజ్జె కట్టి, చిడతలు పట్టి కథ చెప్పడం నేర్చుకున్నారు. ఆ హరికథకు పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరం సంగీత పాఠశాలకు మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు.

అంత పాటగాడు పారసీ కూడా నేర్చుకున్నారు! ఉమర్ ఖయ్యాం పద్యాలకు ఫిట్జెరాల్డ్ దొర చేసిన ఇంగ్లీషులో అసలు రుచి రాలేదని, తానే వాటిని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి మార్చారు. ఆ పుస్తకం 1932లో వచ్చింది. అచ్చతెలుగు అంటే సంస్కృతం మాటలు కలవని తెలుగు. నాకు ఇదే బాగా నచ్చింది. అంత సంస్కృతం వచ్చినాయన ఇంటి మాటను తక్కువ చెయ్యలేదు కదా! మా ఇంట్లో కోయ మాట్లాడతాం. మా అమ్మకు వచ్చిన కోయ పాటలు ఇప్పుడు నేను తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నా.

దాసుగారు 1945లో పోయారు.