పావులూరి మల్లన – చదరంగపు గడులలోని మహాసంఖ్య

ప్రాచీన తెలుగు అనగానే మనకు నన్నయ భారతము స్మరణకు వస్తుంది. ఆ కాలమునకు చేరువలోనే గణితమును కూడ తెలుగు పద్యములలో చెప్పిన మహనీయుడొకరున్నారు. ఆయనే పావులూరి మల్లన. వారి జీవితమును మా తోటి విద్యార్థులకు పరిచయము చేయుటకు సంతోషిస్తున్నాము.

మల్లన వంశమునకు కమ్మనాటిలోని పావులూరితో సంబంధము కలదు. 1022 నుండి 1061 వరకు ఏలిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుని వలన ఆ వంశమువారు పిఠాపురము చెంతనున్న నవఖండవాడ గ్రామమును పొందినారు. మల్లన శైవుడు. తెనిగించుటకు ఆయన ఎన్నుకొన్నది మాత్రము జైన పండితుడైన మహావీరాచార్యుని గణితసార సంగ్రహము. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలములో, అది సంస్కృతమున వెలసినది. మల్లన అందలి జైన ప్రసక్తులకు బదులు శైవ ప్రసక్తులను చేర్చినారు. విద్యను మాత్రము సంకోచము లేక స్వీకరించినారు. ఆ విధముగా తెలుగునకు తొలి గణిత గ్రంథము లభించినది.

అందులో చదరంగపు లెక్క యొకటి ఉన్నది. మొదటి గడిలో ఒకటి, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు – ఇట్లు రెట్టింపు చేయుచు పోతే 64 గడుల మొత్తమెంత? 18446744073709551615. ఇవి వడ్లగింజలే అయితే, నేడు ప్రపంచమంతటా ఏటా పండే వడ్లను ఐదు వందల ఏండ్లు కూడబెట్టినను చాలవు. కేసముద్రం మార్కెట్టులో ధాన్యపు రాశులను చూచి పెరిగిన మాకే ఇది ఊహకందలేదు! క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ కూడ అరబ్బీలో ఇదే ఫలితమును ఇచ్చినారు. షత్రంజ్ బల్ల ఒక్కటే, సత్యమూ ఒక్కటే.

ఇరువది అంకెలను తప్పిపోకుండ నిలుపుట ఎట్లు? చంద్రుడనగా 1, వేదములనగా 4, బాణములనగా 5, ఆకాశమనగా 0. ఇట్టి మాటలతో మల్లన ఆ సంఖ్యను ఒకట్ల స్థానము నుండి మొదలిడి పద్యముగా కూర్చినారు. ఒక మాట జారితే ఛందస్సు చెడును. చదువరి వెంటనే గుర్తించును.

సంఖ్యలో కూడ అట్టి కాపలా ఉన్నది. చివరి అంకె 5 గనుక దీనిని 5 భాగించును. అంకెల మొత్తము 87 గనుక 3 భాగించును. దీని ప్రధాన కారణాంకములు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏ ఒక్క అంకెను మార్చినను 17 తో నిశ్శేషముగా భాగింపబడదు. మిత్రులు కాగితము మీద చేసి చూడగలరు. 4294967297 ప్రధాన సంఖ్యయని ఫ్రాన్సు పండితుడు ఫెర్మా తలచినారు. అది 641, 6700417 ల లబ్ధమని 1732లో ఆయిలర్ నిరూపించినారు. ఆ రెండును మల్లన సంఖ్యలో ఇమిడియున్నవే.

నేటి కంప్యూటరు 64 బిట్లలో వ్రాయగల మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్య కూడ ఇదే.

మాతృభాషలో చదివితే లెక్కలు రావని మాలో కొందరు న్యూనతపడుతుంటారు. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా, శ్రద్ధ యున్నచోట గణితము నిలుచునని మల్లన జీవితము మాకు ధైర్యము చెప్పుచున్నది. వారికి మా నమస్సులు.