బయట మంచు.. లోపల హత్య! అగాథా క్రిస్టీ కథల వెనకున్న అసలు బంగ్లా ఇదే

బయట మోకాలి లోతు మంచు. లోపల పండక్కి వచ్చిన చుట్టాలు. తెల్లారేసరికి ఒకరు శవం! వచ్చే దారి లేదు, పోయే దారి లేదు. అంటే హంతకుడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట. చలికాలం రాత్రి దుప్పటి కప్పుకుని ఇలాంటి నవల పట్టుకుంటే ఇక నిద్ర పట్టదు. ఈ తరహా కథలనగానే ముందు గుర్తొచ్చే పేరు అగాథా క్రిస్టీ. అయితే ఆమె రాసిన ఆ బంగ్లా పూర్తిగా కల్పితం కాదు.

1890 సెప్టెంబర్ 15న ఇంగ్లండ్‌లోని సముద్రతీర పట్టణం టార్కీలో పుట్టారామె. 11 ఏళ్లకే తండ్రి పోయారు. అక్క మ్యాడ్జ్‌కు పెళ్లయ్యాక క్రిస్మస్ వచ్చిందంటే తల్లీకూతుళ్లు అక్క అత్తారింటికి వెళ్లేవారు. మాంచెస్టర్ దగ్గర చీడిల్‌లో ఉన్న ఆ బంగ్లా పేరు ఆబ్నీ హాల్. పండగ భోజనం మామూలుగా ఉండేది కాదు. ఆయిస్టర్ సూప్, ఉడికించిన టర్కీ కోడి, కాల్చిన టర్కీ కోడి, పెద్ద మాంసం ముక్క, ఆపై పుడ్డింగ్. బావగారి తమ్ముడితో పోటీపడి మరీ తినేవారు. మనిషి మాత్రం బక్కపలచగానే ఉండేవారు!

డిటెక్టివ్ కథ రాయడం నీ వల్ల కాదని అక్క రెచ్చగొట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేస్తూ విషాల గురించి తెలుసుకున్నారు. 1920లో తొలి నవల వచ్చింది. హెర్క్యూల్ పాయిరో అందులోనే పుట్టాడు.

ఇక 1926. ఏప్రిల్‌లో తల్లి చనిపోయారు. కొన్ని నెలలకే భర్త ఆర్చీ వేరే ఆమెను ప్రేమిస్తున్నానని, విడాకులు కావాలని చెప్పేశాడు. డిసెంబర్ 3 రాత్రి అగాథా కారేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు ఖాళీ కారు దొరికింది. ఆ చలిలో ఫర్ కోటు కారులోనే ఉంది. పోలీసులు, వేల మంది జనం గాలించారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అయితే ఆమె గ్లౌజును ఆత్మలతో మాట్లాడే వ్యక్తికి ఇచ్చి అడిగించారు. అప్పటికి టీవీలు లేవు కాబట్టి సరిపోయింది. ఉంటే 11 రోజులూ బ్రేకింగ్ న్యూసే!

చివరికి హారోగేట్‌లోని ఓ హోటల్లో దొరికారు. రిజిస్టర్‌లో రాసుకున్న ఇంటిపేరు ఎవరిదో తెలుసా? భర్త ప్రేమించిన ఆమెది. జ్ఞాపకశక్తి పోయిందని కుటుంబం చెప్పింది. ఆత్మకథలో ఆ 11 రోజుల ఊసే ఎత్తలేదు ఆమె. విలేకరులు వెంటపడుతుంటే అక్క తీసుకెళ్లి దాచింది ఎక్కడో కాదు, ఆబ్నీ హాల్‌లోనే. గేట్లకు తాళాలు పడ్డాయి. చిన్నప్పుడు పండగ చేసుకున్న ఇల్లే ఆ డిసెంబర్‌లో దాక్కునే చోటైంది.

1928లో విడాకులు. 1930లో పురావస్తు శాస్త్రవేత్త మ్యాక్స్ మాలోవన్‌తో రెండో పెళ్లి. ఆ తర్వాత కథల్లో మంచు గట్టిగానే కురిసింది. 1931 నాటి సిట్టాఫోర్డ్ మిస్టరీలో ఊరికి ఊరే మంచులో చిక్కుకుంటుంది. నీ హత్యల్లో రక్తమే కనిపించట్లేదని బావగారు జేమ్స్ ఫిర్యాదు చేస్తే, 1938లో హెర్క్యూల్ పాయిరోస్ క్రిస్మస్ రాసి ఆయనకే అంకితమిచ్చారు. అందులో గది నిండా రక్తమే! 1952లో మొదలైన మౌస్‌ట్రాప్ నాటకంలోనూ మంచులో చిక్కుకున్న ఇల్లే. 1960లో క్రిస్మస్ పుడ్డింగ్ కథల పుస్తకాన్ని ఏకంగా ఆబ్నీ హాల్ జ్ఞాపకానికే అంకితం చేశారు.

1976 జనవరి 12న, చలికాలంలోనే, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కొత్తగా చదివేవాళ్లు పాయిరోస్ క్రిస్మస్‌తో మొదలుపెట్టొచ్చు. చివరి పేజీ మాత్రం ముందే తిప్పి చూడకండి.