పేరు ఒకరిది, చలి ఇంకొకరిది

ఈసారి నేను రాస్తున్నది జాన్ మన్రో లాంగ్‌యియర్ గురించి. ప్రపంచపు ఉత్తర కొసన, దాదాపు 78 డిగ్రీల అక్షాంశం దగ్గర, లాంగ్‌యియర్‌బ్యెన్ అని ఒక ఊరుంది. నార్వే భాషలో ఆ పేరుకి లాంగ్‌యియర్ పట్నం అని అర్థం. మనిషి మాత్రం నార్వే వాడు కాదు, అమెరికన్.

1850లో మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో పుట్టాడు. తండ్రి లాయరు, తర్వాత జడ్జి. కొడుక్కి కోర్టు కన్నా అడవే నచ్చింది. ఇరవై మూడేళ్ళ వయసులో మిషిగన్ ఉత్తర భాగానికి వెళ్ళి, అడవులు కాలినడకన తిరుగుతూ ఏ నేలలో మంచి కలప ఉంది, ఎక్కడ ఇనుప ఖనిజం ఉంది అని చూసేవాడు. నేలని చదవడం అలా వచ్చింది. ఆ చదువే అతన్ని కోటీశ్వరుణ్ణి చేసింది. మార్క్వెట్ అనే ఊళ్ళో స్థిరపడి, అక్కడ మేయరు కూడా అయ్యాడు. మిషిగన్ గనుల కాలేజీ పాలకవర్గంలో ఏళ్ళ తరబడి ఉన్నాడు.

1900లో ఆయన కొడుకు హోవర్డ్ సుపీరియర్ సరస్సులో మునిగి చనిపోయాడు. ఆ తర్వాత ఇంటి ముందున్న సరస్సు ఒడ్డు వెంట రైలుమార్గం వచ్చింది. ఇక అక్కడ ఉండలేక, ఆ రాతి భవనాన్ని రాయి రాయి విప్పించి, రైలు వ్యాగన్లకి ఎక్కించి, బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో మళ్ళీ కట్టించుకున్నాడు! డబ్బుంటే ఇంటిని కూడా మోసుకుపోవచ్చన్నమాట. పోయిన కొడుకుని మాత్రం తెచ్చుకోలేం కదా.

1901లో కుటుంబంతో ఓడ ఎక్కి స్పిట్స్‌బెర్గెన్ దీవికి విహారయాత్రకి వెళ్ళాడు. అందరూ హిమనదాలు చూస్తుంటే ఈయన కళ్ళు కొండల్లోని నల్లటి చారల మీద పడ్డాయి. అప్పటికి ఆ దీవులు ఏ దేశానివీ కావు. ముందు వెళ్ళి హద్దు రాళ్ళు పాతుకున్నవాడిదే భూమి. ఒక నార్వే కంపెనీ హక్కులు కొనేసి, బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ఏయర్‌తో కలిసి 1906లో ఆర్కిటిక్ కోల్ కంపెనీ పెట్టాడు. ఊరి పేరు లాంగ్‌యియర్ సిటీ.

మన బ్రాంచి వాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. ఇక్కడ బొగ్గు కోసం నేలలోకి లోతుగా బావి తవ్వలేదు. బొగ్గు పొర కొండ మధ్యలో ఉంది కాబట్టి పక్క నుంచి అడ్డంగా సొరంగం కొట్టారు. బొగ్గుని రోప్‌వే బకెట్లలో రేవుకి దింపారు. నేల ఏడాదంతా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఇళ్ళని కర్రగుంజల మీద నిలబెట్టారు. సముద్రం గడ్డకడితే ఓడలు రావు. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనిపించడు. ఆ చీకట్లో, పల్చని పొరల్లో ఒళ్ళు వంచి తవ్వింది ఎక్కువగా నార్వే కార్మికులు. మేనేజర్లు అమెరికన్లు. సమ్మెలు జరిగాయి. లాంగ్‌యియర్ మాత్రం వేసవిలో వచ్చి చూసుకుని వెళ్ళేవాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడలు, మనుషులు దొరకడం కష్టమైంది. 1916లో మొత్తం నార్వే వాళ్ళకి అమ్మేశాడు. స్టోర్ నోర్స్‌కే కంపెనీ అప్పుడే పుట్టింది. 1920 జనవరి 3న, అమెరికన్లు తెరిచిన మొదటి గనిలోనే పేలుడు జరిగి 26 మంది చనిపోయారు. నెల తిరిగేసరికి పారిస్‌లో ఒప్పందం కుదిరి, ఆ దీవుల మీద సార్వభౌమాధికారం నార్వేకి దక్కింది. లాంగ్‌యియర్ 1922లో బ్రూక్‌లైన్‌లో కన్నుమూశాడు. 1926లో ఊరికి ఇప్పటి పేరు వచ్చింది.

నాకు ఆయన మీద గౌరవం ఉంది. అందరూ మంచు చూసిన చోట ఒక ఊరిని చూడగలగడం చిన్న విషయం కాదు. కానీ ఆ 26 మంది పేర్లు మనలో ఎవరికి తెలుసు? మనం రేపు ఇంజినీర్లమై ప్లాన్లు గీస్తాం. వాటి లోపలికి దిగేది వేరేవాళ్ళు. ఈ లెక్క గుర్తుంచుకోవాలని నాకనిపిస్తుంది.

ఆ ఊళ్ళో చివరి బొగ్గుగని 2025లో మూతబడింది. ఊరు మాత్రం బతికే ఉంది. ఊరికి దగ్గర్లో కొండ లోపల, గడ్డకట్టిన నేలలో, ప్రపంచ విత్తనాల ఖజానా ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి వెళ్ళిన జొన్న, కంది, శనగ గింజలు కూడా అందులో ఉన్నాయి. తవ్వి తీసుకుపోవడానికి మొదలైన ఊళ్ళో ఇప్పుడు మన గింజలు దాచుకుంటున్నాం.